ముందు తుడవండి, తర్వాత తిప్పండి

డర్ట్ బైకు నడిపేవాళ్ళు ఇద్దరు కలిశారంటే మాట కాసేపటికే సస్పెన్షన్ మీదికి మళ్ళుతుంది. ‘ముందు చేతులకు బాగా కొడుతోందన్నా’ అని ఒకరంటారు. ‘స్ప్రింగులు మార్చు తమ్ముడూ’ అని ఒక సలహా, ‘ర్యాలీ కిట్ వేసేస్తే పీడా పోతుంది’ అని ఇంకో సలహా. ఫోర్కులో ఆయిల్ ఎప్పుడు మార్చావని మాత్రం ఎవరూ అడగరు. అడిగినా చాలామంది దగ్గర జవాబుండదు. కంపెనీ పోసిన ఆయిల్‌తోనే మూడు వానాకాలాలు మట్టిలో నడిపేసినవాళ్ళు మన చుట్టూ కావలసినంతమంది ఉన్నారు. ఆ బండ్లకు ముందుగా శుభ్రమైన పైపు, కారని సీలు, తాజా ఆయిల్ కావాలి. ఇవి మూడూ సరిగ్గా ఉన్నాక కూడా చేతులకు కొడుతుంటే అప్పుడు స్ప్రింగుల సంగతి మాట్లాడుకోవచ్చు.

ఈ అధ్యాయంలో ఎక్కువగా హీరో ఎక్స్‌పల్స్ 200ను దృష్టిలో పెట్టుకుని చెబుతాను. 2019లో వచ్చిన ఈ బండితోనే మనవాళ్ళు చాలామంది మట్టిదారి పట్టారు. దీని ఫోర్కు పైపు వ్యాసం 37 మిల్లీమీటర్లు, చక్రం పైకీ కిందికీ కదిలే దూరం 190 మిల్లీమీటర్లు. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411కు పైపు 41, కదలిక 200. కవాసాకి కేఎక్స్ 450 లాంటి అసలైన మోటోక్రాస్ బండికైతే 49 మిల్లీమీటర్ల పైపులను తలకిందులుగా బిగించి, 300 మిల్లీమీటర్లకు పైగా కదలిక ఇస్తారు. లోపలి అమరిక ఎంత వేరైనా వీటన్నిటినీ పాడుచేసేవి మాత్రం అవే: మట్టి, నీళ్ళు, ముసలిదైన ఆయిల్, అతిగా బిగించిన బోల్టు.

సాదా ఫోర్కులో పైన టీకి (హ్యాండిల్ కింద రెండు పైపులనూ పట్టి ఉంచే బిగింపుకు) బిగించిన పైపు ఉంటుంది, కింద యాక్సిల్‌ను పట్టుకున్న బాటమ్ కేసు ఉంటుంది. పైపు కేసులోకి దిగుతూ లేస్తూ ఉంటుంది. బరువు మోసేది స్ప్రింగు. ఆ స్ప్రింగును అదుపులో పెట్టేది ఆయిల్. డ్యాంపర్ రాడ్డుకున్న చిన్న రంధ్రాల్లోంచి ఆయిల్ దూరి వెళ్ళాలి. అలా దూరడానికి పడే కష్టమే బండి ఊగిపోకుండా ఆపుతుంది. బాటమ్ కేసు మూతి దగ్గర రెండు సీళ్ళుంటాయి. పైన డస్ట్ సీలు మట్టిని బయటే ఆపాలి, దాని కింద ఆయిల్ సీలు ఆయిల్‌ను లోపలే ఆపాలి. ఆయిల్ సీలు పెదవి పైపును ఒత్తుకుని ఉండే వెడల్పు దారమంత కూడా ఉండదు. అక్కడ ఒక్క ఇసుక రేణువు ఇరుక్కుంటే పెదవి ఆ మేరకు లేస్తుంది, ఆయిల్ తన దారి తాను చూసుకుంటుంది.

పది నిమిషాల పని

రైడు నుంచి వచ్చాక స్నానానికి పరిగెత్తకండి. మట్టి తడిగా ఉండగానే పైపు మీదినుంచి తీసేయాలి. ఎర్రమట్టి దుమ్ము కొంత నయం, గుడ్డతో వచ్చేస్తుంది. నల్లరేగడి అలా కాదు. తడిగా ఉన్నప్పుడు పట్టుకుని వదలదు, ఆరాక గట్టి పెంకు కడుతుంది. మర్నాడు మీరు బండి ఎక్కి ముందు బ్రేకు నొక్కగానే పైపు కిందికి దిగుతుంది, ఆ పెంకు పోయి డస్ట్ సీలు కిందికి దూరుతుంది. క్వారీ దారుల్లో లేచే గ్రానైట్ పొడి చూడ్డానికి పౌడరే, కానీ రేణువుల అంచులు పదునుగా ఉంటాయి. సముద్రం ఒడ్డున నడిపితే ఇసుకతోపాటు ఉప్పు కూడా వస్తుంది. ఆ రోజు మంచినీళ్ళతో కడగడం రేపటికి వాయిదా వేయకూడదు.

కడగడమంటే వాటర్ సర్వీసింగ్ షాపులో వదిలేసి టీ తాగి రావడం కాదు. అక్కడ కుర్రాడు గన్ను తీసుకుని మట్టి ఎక్కడ కనిపిస్తే అక్కడ కొడతాడు, అతని పని అది. సీలు మూతి మీదికి నేరుగా కొట్టవద్దని మీరే పక్కన నిలబడి చెప్పాలి. ఆ ఒత్తిడికి నీళ్ళు డస్ట్ సీలు దాటి లోపలికి పోతాయి, అక్కడున్న సర్‌క్లిప్పును తుప్పు పట్టిస్తాయి. ఇంకా లోపలికి పోతే ఆయిల్ పాలు కలిపిన రంగుకు తిరుగుతుంది. ఇంట్లో బకెట్టు, మగ్గు, మెత్తని బ్రష్షు, కాస్త షాంపూ చాలు. కడిగాక పాత బనియన్ గుడ్డతో పైపును చుట్టూ తుడవండి. పెట్రోలు ముంచిన గుడ్డ వాడవద్దు, సీలు రబ్బరుకు అది మంచిది కాదు. చైను లూబు, గ్రీజు పైపు మీద రాసేవాళ్ళూ ఉన్నారు. దుమ్ము అతుక్కోవడానికి అంతకంటే మంచి ఉపాయం లేదు. పొడి పైపే మంచి పైపు.

గేటర్ల గురించి ఒక మాట. ఎక్స్‌పల్స్‌కూ పాత హిమాలయన్‌కూ పైపుల మీద మడతల రబ్బరు గేటర్లు ఉంటాయి. అవి రాళ్ళ దెబ్బను ఆపుతాయి, దుమ్మును చాలావరకు ఆపుతాయి. కానీ వాగు దాటినప్పుడు లోపలికి పోయిన నీళ్ళను, బురదను బయటకు కనబడనివ్వవు కూడా. కింద సీలు కారుతున్నా ఆ ముసుగులో వారాల తరబడి తెలియదు. రెండు మూడు రైడ్లకోసారి గేటరును పైకి లాగి, టార్చి వేసి చూడండి. గేటర్లున్నాయి కదా అని ఫోర్కును మర్చిపోయినవాళ్ళకంటే గేటర్లు లేక రోజూ తుడుచుకునేవాళ్ళ సీళ్ళే ఎక్కువకాలం మన్నడం చూస్తున్నాను.

టార్చి వేసినప్పుడు ఏం చూడాలి? పైపు మీద పలచని నూనె మెరుపు మామూలే. చెమ్మగా వలయం కట్టినా, దుమ్ము ముద్దగా అంటుకున్నా, బాటమ్ కేసు మీదికి చార దిగినా సీలు పట్టు తప్పినట్టే. ఆ చార ఎక్కడికి పోతుందో గమనించండి. సరిగ్గా కింద బ్రేకు కాలిపర్ ఉంటుంది. ఆయిల్ తాగిన బ్రేకు ప్యాడ్లను ఎంత తుడిచినా పాత పట్టు రాదు, మార్చాల్సిందే. కాబట్టి సీలు కారడమంటే వంద మిల్లీలీటర్ల ఆయిల్ నష్టంతో పోయేది కాదు. ముందు బ్రేకు పోతుంది. అలాంటి బండి తీసుకుని ఘాటు దిగకండి.

అయితే కారిన ప్రతి సీలూ చచ్చిన సీలు కాదు. సగం సార్లు పెదవి కింద ఇసుక ఇరుక్కుని ఉంటుంది, అంతే. దాన్ని తీసే పనిముట్లు బజార్లో దొరుకుతాయి గానీ, ఇంట్లో పాత ఎక్స్‌రే ఫిల్ము ఉంటే అదే సరిపోతుంది. బొటనవేలంత వెడల్పు ముక్క కోసి, ఒక మూల చిన్న కొక్కెంలా కత్తిరించండి. అంచులు నున్నగా ఉండాలి. స్క్రూడ్రైవర్ మొనకు టేపు చుట్టి డస్ట్ సీలును మెల్లగా కదిలించండి. మామూలు ఫోర్కుకు అది పైకి వస్తుంది, తలకిందుల ఫోర్కుకు కిందికి దిగుతుంది. అక్కడి మట్టిని ముందు తుడిచి, అప్పుడు ఫిల్మును పైపుకు ఆనించి ఆయిల్ సీలు పెదవి కిందికి జొనిపి, చుట్టూ తిప్పుతూ బయటికి లాగండి. లోపలికి నెట్టకూడదు. ప్రతిసారీ ఫిల్మును తుడిచి మళ్ళీ పెట్టండి. తర్వాత ముందు బ్రేకు పట్టుకుని ఫోర్కును కొన్నిసార్లు నొక్కి, వచ్చిన ఆయిల్‌ను తుడిచేయండి. ఇలా రెండు మూడు విడతలు చేసినా కారుతుంటే సీలు మార్చడానికి సిద్ధం కావాలి.

మార్చే ముందు పైపు మీద గోరు పెట్టి నిలువుగా గీయండి. ఎక్కడైనా గోరు తగులుకుంటే అక్కడ రాయి కొట్టిన గాటు ఉందన్నమాట. ఆ గాటు ఉన్నంతకాలం ఎన్ని కొత్త సీళ్ళు వేసినా చిరుగుతూనే ఉంటాయి. లేచిన అంచు వరకు 1500 నంబరు వాటర్ పేపర్‌ను తడిపి మెల్లగా రుద్దితే నున్నబడుతుంది. గుంటను పూడ్చాలని చూడకండి, లేచిన ముక్క పోతే చాలు. క్రోమియం పూత ఊడి తుప్పు చుక్కలు కనిపిస్తే మాత్రం పైపు మార్చుకోవడమే దారి.

ఆయిల్

ఇంజన్ ఆయిల్ మార్చడానికి ఎవరూ గుర్తుచేయక్కర్లేదు, ఫోర్కు ఆయిల్‌ను మాత్రం అందరూ మర్చిపోతారు. దానికి కారణం ఉంది. ఫోర్కు ఆయిల్ ఒక్కరోజులో పాడవదు. పైపు జారేచోట ఉండే బుషులు అరిగి రాలిన పొడి, స్ప్రింగు గోడకు రాసుకుని రాలిన లోహం, చెమ్మ, వేడి కలిసి కొద్దికొద్దిగా దాన్ని చంపుతాయి. బండి ప్రవర్తన కూడా అలాగే కొద్దికొద్దిగా మారుతుంది, మన చేతులు దానికి అలవాటు పడిపోతాయి. తీసి గాజుగ్లాసులో పోసి చూస్తే తెలుస్తుంది, బూడిదరంగు తిరిగి, ముక్కు మూసుకునే వాసన వేస్తుంది. పోటీల్లో నడిపే మోటోక్రాస్ బండికి కిలోమీటర్లతో పనిలేదు, ఇంజన్ తిరిగిన గంటలు లెక్క. 20 నుంచి 40 గంటల మధ్య ఫోర్కు విప్పుతారు. వారం మధ్యలో ఆఫీసుకూ, ఆదివారం వికారాబాద్ అడవిదారికీ పోయే ఎక్స్‌పల్స్‌కు అంత అవసరం లేదు. ఏడాదికోసారి, వానాకాలం వెళ్ళాక మార్చుకోవడం మంచి అలవాటు. కొత్త బండి అయితే మొదటి మార్పు ఇంకా ముందే చేయించండి. కొత్త బుషులు సర్దుకునేటప్పుడు రాలే పొడి అంతా మొదటి ఆయిల్‌లోనే ఉంటుంది.

ఏ ఆయిల్ పోయాలి? మాన్యువల్లో రాసిందే పోయాలి. ఇంజన్ ఆయిల్ పోసేస్తే సరిపోతుందనే మెకానిక్కులు ఇంకా ఉన్నారు. ఊళ్ళో రోడ్డు మీద తిరిగే బండికి అది ఎలాగో గడుస్తుంది. రాళ్ళ దారిలో ఫోర్కు నిమిషానికి వందసార్లు కొట్టుకుంటున్నప్పుడు నురగ కట్టని ఆయిల్ కావాలి, ఫోర్కు ఆయిల్‌ను తయారుచేసేదే అందుకు. ఇంకో తిరకాసు ఉంది. డబ్బా మీద 5డబ్ల్యూ, 10డబ్ల్యూ అని ఉన్నంత మాత్రాన అన్ని కంపెనీల చిక్కదనం ఒకటి కాదు. ఒకరి 5డబ్ల్యూ ఇంకొకరి 7.5డబ్ల్యూకు దగ్గరగా ఉండవచ్చు. డబ్బా వెనక 40 డిగ్రీల దగ్గర ఎన్ని సెంటీస్టోకులో రాసి ఉందేమో చూడండి. పోల్చుకోవడానికి నమ్మదగ్గ అంకె అదే. ఒకసారి నచ్చిన ఆయిల్‌ను వదలకండి, రెండు రకాలు కలపకండి.

మామూలు ఎక్స్‌పల్స్ ఫోర్కుకు తిప్పడానికి స్క్రూలేమీ లేవు. అందుకే దాని గుణం మార్చాలంటే చేతిలో ఉన్నవి ఆయిల్ చిక్కదనం, ఆయిల్ మట్టం. మట్టం పెంచితే పైన గాలికి చోటు తగ్గుతుంది, ఫోర్కు పూర్తిగా దిగే చివరి భాగంలో గట్టిపడుతుంది. గెంతు వేసి దిగినప్పుడు ‘ఠక్’మని అడుగంటుతుంటే 5 మిల్లీమీటర్ల చొప్పున పెంచి చూడండి. ఒకేసారి బాగా పెంచితే గాలికి చోటు లేక ఫోర్కు మధ్యలోనే బిగుసుకుంటుంది, ఆ ఒత్తిడంతా సీలు మీద పడుతుంది.

ఆయిల్ మార్చే పద్ధతి కష్టం కాదు, ఓపిక కావాలి. ఎక్స్‌పల్స్‌కు సెంటర్ స్టాండు లేదు కాబట్టి ఇంజన్ కింద ప్లేటుకు చెక్కమొద్దు లేదా జాకీ పెట్టి ముందు చక్రం గాల్లో ఉండేలా చేసుకోండి, వెనక నుంచి తాడుతో కట్టుకోండి. పైటీ బోల్టు వదులు చేసి, కింది టీ ఇంకా పట్టుకుని ఉండగానే పైపు మూత బిర్రు విడిచేదాకా తిప్పండి. ఫోర్కు ఊడదీశాక విప్పుదామంటే చేతిలో పైపు గిరగిర తిరుగుతుంది. కాలిపర్‌ను హోసు మీద వేలాడదీయకుండా తీగతో కట్టండి. అది ఊడి ఉన్నంతసేపు బ్రేకు లివరు ముట్టుకోవద్దు. మూత పూర్తిగా విప్పేటప్పుడు గుడ్డ వేసి అరచేత్తో అదిమి పట్టండి, ముఖం పక్కకు పెట్టండి. లోపల స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది, మూత ఎగిరివస్తే పన్ను ఊడుతుంది.

స్ప్రింగు, స్పేసరు తీసి, ఏది పైన ఉందో ఏది కింద ఉందో ఫోన్‌లో ఒక ఫోటో తీసుకోండి. పాత ఆయిల్ వంచేసి, పైపును పైకీ కిందికీ ఆడిస్తూ ఆఖరు చుక్కదాకా కారనివ్వండి. బాగా మురికిగా ఉంటే కాస్త కొత్త ఫోర్కు ఆయిల్ పోసి కడిగి పారబోయండి. పెట్రోలుతో కడిగి ఆరబెట్టకుండా కొత్తది పోయడం శుద్ధ దండగ. తర్వాత లెక్కకంటే కొంచెం ఎక్కువ పోసి, రాడ్డు కింద ఇరుక్కున్న గాలి బుడగలు పోయేదాకా నెమ్మదిగా ఆడించండి. పైపును అడుగుదాకా దించి, స్ప్రింగు లేకుండా, పైపు అంచు నుంచి ఆయిల్ మట్టానికి ఎంత ఉందో కొలవాలి. ఇక్కడ మందుల షాపులో దొరికే పెద్ద సిరంజి పనికొస్తుంది. దానికి సన్నని గొట్టం తగిలించి, మాన్యువల్ చెప్పిన దూరం దగ్గర టేపు చుట్టి, ఆ గుర్తు పైపు అంచుకు వచ్చేలా దించి లాగండి. మట్టం సరిపోయాక సిరంజిలోకి గాలి తప్ప ఆయిల్ రాదు. రెండు కాళ్ళలోనూ ఒకే మట్టం ఉండాలి. మిల్లీలీటర్ల లెక్కన పోస్తే ఒక కాల్లో పాత ఆయిల్ మిగిలిపోయిన మేరకు తేడా వస్తుంది, అందుకే మట్టమే కొలవమంటున్నాను. తీసిన ఆయిల్‌ను కాలువలో పోయకుండా పాత ఆయిల్ డ్రమ్ము పెట్టుకున్న గ్యారేజీలో ఇవ్వండి.

సీళ్ళు మార్చడం దీనికి ఒక మెట్టు పైది. బాటమ్ కేసు అడుగున ఉండే అలెన్ బోల్టును స్ప్రింగు లోపల ఉండగానే వదులు చేసుకోవాలి, లేదంటే బోల్టుతోపాటు డ్యాంపర్ రాడ్డూ తిరుగుతుంది. ఆ బోల్టు కింది రాగి వాషరు ప్రతిసారీ కొత్తది వేయాలి. విప్పినప్పుడు బుషులు చూడండి. లోపలి టెఫ్లాన్ పూత అరిగి రాగిరంగు బయటపడితే వాటినీ మార్చండి. కొత్త సీలును పైపు మీదికి ఎక్కించే ముందు పైపు చివరకు పలచని పాలిథిన్ కవరు చుట్టి గ్రీజు రాయాలి. బుషు కూర్చునే గాడి అంచు పదునుగా ఉంటుంది, కవరు లేకుండా తోస్తే కొత్త సీలు పెదవి అక్కడే తెగుతుంది. దింపడానికి సరైన కొలత పీవీసీ గొట్టం ముక్క, మధ్యలో మెత్తగా పాత సీలు పెట్టి కొట్టుకోవచ్చు. కేఎక్స్, కేటీఎం లాంటి కార్ట్రిడ్జ్ ఫోర్కుల్ని, గాలితో నడిచే ఫోర్కుల్ని మాత్రం ఇంట్లో విప్పకండి. వాటికి వేరే పనిముట్లు కావాలి, తెలిసిన చేయి కావాలి.

తిరిగి బిగించేటప్పుడు జరిగే పొరపాట్లు మంచి ఫోర్కును కూడా గట్టిపరుస్తాయి. రెండు పైపులూ టీలో ఒకే ఎత్తున ఉండాలి. యాక్సిల్ బిగించి, దాన్ని పట్టుకునే పించ్ బోల్టులు వదులుగా ఉండగానే చక్రం కిందికి దించి, ముందు బ్రేకు పట్టి ఫోర్కును గట్టిగా కొన్నిసార్లు నొక్కాలి. రెండు కాళ్ళూ వాటంతటవే సమాంతరంగా సర్దుకుంటాయి. పించ్ బోల్టులు అప్పుడు బిగించాలి. ఈ చిన్న పని చేయకుండా బిగించేస్తే కాళ్ళు ఒకదాన్నొకటి లాక్కుంటూ, ప్రతి కదలికకూ బుషులు పైపును గీరుతుంటాయి. తలకిందుల ఫోర్కు ఉన్నవాళ్ళు కింది టీ బోల్టులకు టార్క్ రెంచి తప్పనిసరిగా వాడాలి. అక్కడ బలం చూపిస్తే బయటి గొట్టం నొక్కుకుపోయి లోపలి పైపు కదలిక బిగుస్తుంది. ‘ఇంకో పట్టు పడదాం’ అనే అలవాటు మన గ్యారేజీల్లో చాలా ఉంది, దానికి ఇక్కడ చోటు ఇవ్వకండి.

మోటోక్రాస్ ఫోర్కుల మూత మీద గాలి వదిలే చిన్న స్క్రూ ఉంటుంది. నడిపేకొద్దీ లోపల గాలి పోగవుతుంది, వేడికి వ్యాకోచిస్తుంది. కొండలెక్కితే బయటి గాలి ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి లోపలిది మరింత నెట్టుతుంది. రైడుకు ముందు చక్రం గాల్లోకి లేపి, చుట్టూ మట్టి తుడిచి, ఆ స్క్రూ వదులు చేస్తే ‘స్స్’ మని పోతుంది. చేతులకు కొడుతోందని బాధపడేవారిలో కొందరికి మందు ఇదే.

కంప్రెషన్ (ఫోర్కు దిగే వేగం), రీబౌండ్ (తిరిగి లేచే వేగం) స్క్రూలున్న ఫోర్కు అయితే పైవన్నీ అయ్యాకే వాటి జోలికి వెళ్ళండి. ముందు చివరిదాకా బిగిస్తూ ఎన్ని క్లిక్కులో లెక్కపెట్టి పుస్తకంలో రాసుకోండి. ఒకసారికి ఒక్కటే, రెండేసి క్లిక్కులు, అదే దారిలో మళ్ళీ నడిపి చూడాలి. వరస గతుకుల్లో ముందుభాగం కిందికి దిగి అక్కడే ఉండిపోతుంటే రీబౌండ్ మరీ నెమ్మదిగా ఉన్నట్టు. ప్రతి గతుకు తర్వాత హ్యాండిల్ పైకి తన్నుతుంటే మరీ వేగంగా ఉన్నట్టు.

పడ్డ తర్వాత

మట్టిలో నడిపేవాళ్ళు పడతారు. లేచి చూస్తే హ్యాండిల్ ఒకవైపు, చక్రం ఇంకోవైపు చూస్తుంటాయి. ఫోర్కు వంగిపోయిందని గుండె జారనక్కర్లేదు. చాలాసార్లు పైపులు టీలో మెలితిరిగి ఉంటాయి, అంతే. పై, కింది టీ బోల్టులు, యాక్సిల్ పించ్ బోల్టులు వదులు చేసి, చక్రాన్ని మోకాళ్ళ మధ్య పట్టుకుని హ్యాండిల్‌ను సరిచేసి, మళ్ళీ క్రమంగా బిగించండి. అప్పటికీ నిటారుగా రాకపోతే అనుమానించాలి. ముందు బ్రేకు పట్టి బండిని ముందుకూ వెనక్కూ ఊపుతూ వేలును రెండు చోట్ల పెట్టి చూడండి. టీ దగ్గర ‘టక్’ మంటే కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు), పైపు కేసులోకి దిగేచోట కదిలితే బుషులు. ఈ తేడా తెలియక మంచి ఫోర్కును విప్పించుకునేవాళ్ళున్నారు.

  

పైపు నిజంగా వంగిందో లేదో తెలుసుకోవడానికి దాన్ని మందపాటి గాజుపలక మీద దొర్లించండి. కింద వెలుతురు చీలిక పెరుగుతూ తగ్గుతూ కనిపిస్తే వంగినట్టే. మన ప్రతి పట్నంలోనూ బెండు తీసే షాపు ఒకటుంటుంది, ప్రెస్సులో పెట్టి కొన్ని వందలకే సాపు చేసి ఇస్తారు. రోడ్డు మీద మెల్లగా పోయే బండికి అది గడవచ్చేమో. గెంతులు వేసి దిగే బండికి వద్దు. ఒకసారి వంగి సాపైన పైపు బలహీనమై ఉంటుంది, రెండోసారి వంగేది మీరు గాల్లో నుంచి దిగుతున్నప్పుడు. కొత్త పైపు కొనండి.